నెలీడా పొగపొయ్యి

గేటు మీద బోర్డు స్పష్టంగానే ఉంది. "వెల్డింగ్ పని చేయబడదు." తెల్ల రేకు మీద నల్ల పెయింటు. అక్షరాలు వంకరగా ఉన్నా చదవలేనంత ఏమీ లేవు. అయినా ఆ అమ్మాయి హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు.

వెండెల్ యానాక్ షెడ్డులోంచి బయటికి వచ్చాడు. కుడిచెయ్యి జేబులో ఉంది. ఈ మధ్య అది ఎప్పుడూ అక్కడే ఉంటోంది.

"బోర్డు చూశారా?"

"చూశాను. వెల్డింగ్ చేయరట. నేనేమీ వెల్డింగ్ అడగలేదుగా."

"మరి ఆ హారన్ ఎందుకు?"

"మీరు బయటికి రావడానికి. వచ్చారు కదా."

ఆమె పికప్ వెనక తాళ్లతో కట్టి ఉంది ఆ వస్తువు. పొడవాటి రేకు పీపా, దాని పక్కన అంటించినట్టు చిన్న నిప్పుపెట్టె, ఇంకో చివర పొగగొట్టం. వేసవి వచ్చిందంటే పెద్ద దుకాణాల ముందు వరసగా నిలబెట్టి అమ్మే చౌకరకం స్మోకర్, మాంసాన్ని పొగ మీద కాల్చే పొయ్యి. రేకు ఎంత పలచనో దూరం నుంచే తెలుస్తోంది. మూత ఒక మూల కూర్చుంటే ఇంకో మూల లేస్తోంది.

"దీన్ని బిగించింది ఎవరు?"

"నేనే. ఏం?"

"చక్రాలు ఉండాల్సిన వైపు కాళ్లు పెట్టారు. కాళ్లు ఉండాల్సిన వైపు చక్రాలు."

"అందుకేనా, తోసినప్పుడల్లా పక్కింటి కంచె వైపు పోతోంది." ఆమె నవ్వలేదు. కానీ నవ్వే అలవాటున్న ముఖమని వెండెల్‌కి అనిపించింది. "ఆదివారం కోడి పెట్టాను. నిప్పు వైపు బొగ్గైపోయింది. గొట్టం వైపు పచ్చి. మధ్యలో ఒక్క ముక్క బాగా వచ్చింది. దాన్ని కుక్క ఎత్తుకుపోయింది."

"పారేసి మంచిది కొనుక్కోండి."

"మంచిది చేసేవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడట. ఆయనేమో బోర్డు పెట్టుకుని కూర్చున్నాడు."

ఆ మాట నిజమే. క్వేరో అనే ఆ చిన్న ఊళ్లో పొగపొయ్యి అంటే ఒకప్పుడు వెండెల్ పేరే చెప్పేవాళ్లు. పాత గ్యాసు ట్యాంకులు కోసి, మందపాటి ఇనుముతో, తరాలు నిలిచే పొయ్యిలు చేసేవాడు. చర్చి పండుగలో వందలమందికి వండే పొయ్యి అతను చేసిందే. కిందటేడు ఒక పైపు అతుకుతుండగా మంట వెనక్కి తన్ని కుడిచెయ్యి కాలింది. చర్మం మానింది. నరాలు మానలేదు. ఇప్పుడు కాఫీ కప్పు పట్టుకుంటే బల్ల చేరేలోపు సగం చొక్కా మీదే ఉంటుంది. ముప్పై దాటీ దాటకుండానే తన జీవితం అయిపోయిందని అతను నమ్మేశాడు. పొద్దున్నే లేవడానికి అతనికి కారణం దొరకడం లేదు.

"నా పేరు నెలీడా గార్సా," అంది ఆ అమ్మాయి తాళ్లు విప్పుతూ. "స్కూలు బస్సు నడుపుతాను. మా అమ్మకి మందులు మొదలయ్యాక నాలుకకి ఏదీ తెలియడం లేదు. ఏం పెట్టినా తుప్పు నాకినట్టుందంటోంది. నాన్న పెరట్లో కాల్చేవాడు చూడండి, ఆ పక్కటెముకల మాంసం కావాలని అడిగింది. నాన్న లేడు. ఆయన పొయ్యి తుప్పుపట్టి ఎప్పుడో పోయింది."

"డాక్టర్లు ఏమంటున్నారు?"

"మందులు ఆపేశారు."

ఆమె తాడు ముడి వైపే చూస్తూ ఆ మాట అంది. వెండెల్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నా వల్ల కాదండీ. తీసుకెళ్లండి."

ఆమె వినిపించుకోలేదు. ఒక్కతే ఆ పీపాని లాగి కిందికి దించింది. దించడం కాదు, పడేసింది. వెండెల్ జేబులో చెయ్యి పెట్టుకునే నిలబడ్డాడు. ఆమె ఆ జేబు వైపు చూసి, "సాయానికి థాంక్స్" అని బండెక్కి వెళ్లిపోయింది.

*

మర్నాడు వాన పట్టుకుంది. వెండెల్ ఊరుకోలేకపోయాడు. తడి కాగితాలు నిప్పుపెట్టెలో వేసి అంటించి, మూత దించి చూశాడు. పొగ గొట్టంలోంచి తప్ప అన్నిచోట్ల నుంచీ వచ్చింది. మూత అంచుల్లోంచి, తలుపు సందుల్లోంచి, ఆఖరికి బోల్టుల పక్కనుంచి కూడా.

సాయంత్రం నెలీడా తడుస్తూ షెడ్డులోకి వచ్చేసరికి అతను బకెట్టు బోర్లించుకుని కూర్చుని ఉన్నాడు.

"ముందు అతుకులు మూయాలి," అన్నాడు పలకరింపు లేకుండా. "అదిగో ఆ ఎర్ర జిగురు. ఇంజన్లకి వాడేది, వేడికి కరగదు. మొత్తం విప్పి, ప్రతి అతుకులోనూ పట్టించి మళ్లీ బిగించాలి. మూత చుట్టూ వేడికి కాలని ఆ నారపట్టీ అంటించాలి. ఆ తర్వాత మూతని కిందికి నొక్కి పట్టే కొక్కేలు పెట్టాలి."

"సరే, మొదలుపెట్టండి."

"మీరే మొదలుపెట్టాలి. నేను చెబుతాను."

నెలీడా నడుము మీద చేతులు పెట్టుకుంది. "అయ్యగారు సింహాసనం మీంచి ఆజ్ఞలిస్తారు. నేను పిల్లల్ని దింపి, డీజిలు కంపుతో వచ్చి, పీపాలో తల దూర్చాలి."

"అంతే."

"ఊళ్లో వాళ్లు మీకు పొగరని చెప్పారు. ఇంతని చెప్పలేదు."

అయినా మోకాళ్ల మీద కూర్చుంది. జిగురు గొట్టాన్ని నొక్కితే ఎర్రటి ముద్ద బయటపడి ఆమె మోచేతికి అంటుకుంది. "అలా కాదు, సన్నగా, తాడులా రావాలి" అన్నాడు. మళ్లీ నొక్కింది. మళ్లీ ముద్దే. "అలా కాదంటుంటే" అంటూ అతను మరిచిపోయి కుడిచెయ్యి జేబులోంచి తీసి ఆ గొట్టం అందుకున్నాడు. వేళ్లు మూసుకోలేదు. చెయ్యి ఎండుటాకులా వణికింది. గొట్టం కిందపడి పీపా కిందికి దొర్లిపోయింది.

ఆమె ఆ చేతినే చూసింది.

"ఎప్పటి నుంచి?" అంది నెలీడా.

"కిందటేడు."

"నిన్న దించడానికి రానిది అందుకా?"

"పట్టుకుంటే మీ కాలి మీద పడేసేవాణ్ని."

అయ్యో అంటుందని ఎదురుచూశాడు. ఊరంతా అదే అంది. ఆ మాట వినలేకే బోర్డు పెట్టుకున్నాడు. నెలీడా అనలేదు. నేల మీద పడుకుని చెయ్యి చాపి గొట్టం బయటికి లాగి, దుమ్ము దులిపింది.

"సన్నగా, తాడులా. చెప్పండి, ఎక్కడ నుంచి మొదలుపెట్టను?"

*

జిగురు ఆరాక ఇద్దరూ కలిసి దాన్ని నెలీడా ఇంటి పెరట్లోకి చేర్చారు. చక్రాలు ఈసారి ఉండాల్సిన వైపే ఉన్నాయి. మిగిలిన పని అక్కడే చేద్దామనుకున్నారు.

ఒక మధ్యాహ్నం నెలీడా బస్సు పని మీద ఉండగా వెండెల్ కొక్కేలు తీసుకుని వచ్చాడు. వెనక గది కిటికీలోంచి ఎవరో పిలిచారు.

"బాబూ, ఒకసారి లోపలికి రా."

నెలీడా తల్లి ఒరాలియా మంచం మీద దిళ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి దుప్పటి కింద ఉందా లేదా అన్నంత చిన్నగా అయిపోయింది. కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

"నువ్వేనా మా అమ్మాయిని తిట్టేవాడివి?"

"నేను తిట్టలేదండీ. ఆవిడే నన్ను తిడుతోంది."

"తిట్టనీ. చాన్నాళ్లయింది అది ఎవర్నీ తిట్టి." ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "పని ఎంతవరకు వచ్చింది?"

"రెండు రోజుల్లో అయిపోతుంది. శనివారం మీకు పక్కటెముకలు."

"అంత తొందరొద్దు."

వెండెల్‌కి అర్థం కాలేదు.

"నాకు తినాలని లేదు బాబూ. నా గొంతులో నీళ్లే దిగడం లేదు. అది పొద్దస్తమానం ఈ కుర్చీలో కూర్చుని నా ముఖమే చూస్తోంది. నేను కళ్లు మూస్తే తట్టి లేపుతోంది. బతికున్నానో లేదో అని. నాకోసం అదీ చచ్చిపోతోంది. అందుకే అడిగాను. వాళ్ల నాన్న చేసినట్టు కాల్చి పెట్టమని. పెరట్లో కాసేపు గాలి పీలుస్తుందని."

"ఆవిడకి చెప్పొచ్చు కదండీ."

"చెబితే మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చుంటుంది. నిన్న నువ్వేదో అన్నావు, అది నవ్వింది. విన్నాను. నువ్వు నాకు ఒక మాటివ్వాలి. ఆ పొయ్యి త్వరగా బాగుపడకూడదు. నేనున్నన్నాళ్లూ ఈ సంగతి దానికి తెలియకూడదు."

వెండెల్ సరేనని మాటిచ్చాడు. ఎందుకిచ్చాడో ఇంటికి వెళ్లాక ఆలోచించాడు. ఆమె మీద జాలి ఒక కారణం. పొయ్యి పూర్తయితే ఆ పెరట్లోకి మళ్లీ వెళ్లడానికి సాకు ఉండదన్నది రెండోది. రెండోది తలుచుకుంటే సిగ్గేసింది.

*

చౌకరకం స్మోకర్‌కి ఉన్న సుగుణం ఒక్కటే. దానికి రిపేరు చేస్తూనే ఉండొచ్చు.

మూతకి కొక్కేలు పెట్టారు. అప్పుడు వెండెల్ లోపల చెయ్యి పెట్టి చూసి, నిప్పు వైపు సెగ నేరుగా తగులుతోంది, ఒక అడ్డురేకు కావాలన్నాడు. అడ్డురేకు పెట్టాక, పొగ పైపైనే పారిపోతోంది, గొట్టాన్ని లోపల మాంసం ఎత్తుదాకా దించాలన్నాడు. అది దించాక, వేడి చూపించే ముల్లు మూత నెత్తిన ఉంది, అక్కడి వేడి మనకెందుకు, కిందికి మార్చాలన్నాడు. తర్వాత అడుగున ఇటుకలు పరవాలన్నాడు. రేకు వేడిని నిలుపుకోదు కాబట్టి. ఇవేవీ అబద్ధాలు కావు. ఒక్కోటి చెప్పడానికి ఒక్కో రోజు తీసుకున్నాడు, అంతే.

"అంతరిక్షంలోకి రాకెట్టు ఇంతకన్నా త్వరగా పంపుతారు," అంది నెలీడా, ముక్కు మీద మసితో. ఎప్పుడో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది. "నువ్వు పని దొంగవి వెండెల్."

"రాకెట్టు ఒక్కసారి పోతే చాలు. ఇది ప్రతి ఆదివారం పోవాలి."

"ఈ జన్మకి నీకు తృప్తి ఉండదు కదా?"

"నీ బిగింపు చూస్తే ఎవరికి ఉంటుంది? ఆ స్క్రూ చూడు, తాగి నిలబడ్డట్టుంది."

"అయితే నువ్వే బిగించు."

అతని ముఖం మాడిపోయింది. అది చూసి నెలీడా స్క్రూడ్రైవర్ అతని కుడిచేతిలో పెట్టింది. మూసుకోని వేళ్లని తన చేత్తో మూసి, పైనుంచి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ కలిసి తిప్పారు. స్క్రూ నిదానంగా లోపలికి దిగింది.

"వణుకుతోంది," అన్నాడు.

"నీదా, నాదా?"

స్క్రూ దిగిపోయాక కూడా ఆమె చెయ్యి తీయలేదు. సన్నగా వాన మొదలైంది. పరిగెత్తి గొడుగు తేవచ్చు. ఇద్దరిలో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు.

అలాంటి సాయంత్రాలు కొన్ని గడిచాయి. ఆమె నవ్వినప్పుడల్లా వెండెల్‌కి గుండె తేలికయ్యేది, ఆ వెంటనే బరువెక్కేది. వెనక గదిలో మనిషి రోజురోజుకీ తరిగిపోతోంది. ఇక్కడ తను ఆమె కూతుర్ని నవ్విస్తున్నాడు. నెలీడా లోపలికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ కళ్లు ఎర్రగా ఉండేవి. "ఇవాళ సూపు కూడా వద్దంది. వెండెల్, తొందరగా కానీ. ఒక్క ముక్క తినేలా చూడు" అని బతిమాలేది. అతను ఇటుకల్ని అటూ ఇటూ జరుపుతూ తలొంచుకునేవాడు.

*

ఒక శనివారం పొద్దున ఒరాలియా అతన్ని పిలిపించుకుంది. గొంతు గుసగుసలా వస్తోంది.

"ఇవాళ కాల్చండి బాబూ."

"ఇంకా..."

"ఇక చాలు. కాల్చండి."

ఆ మాటకి అర్థం అతనికి తెలిసింది. మంచం పక్కన నిలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అతని చెయ్యి వణుకుతుంటే ఆమెది కూడా దానితోపాటు కదిలింది. బయటికి వచ్చి, ముఖం తుడుచుకుని, "ఇవాళ మాంసం పెడదాం" అన్నాడు.

నెలీడా నమ్మలేదు. "నిజంగా? ఇంకే బోల్టూ మిగల్లేదా?"

"లేదు."

ఆమె చిన్నపిల్లలా వంటింట్లోకి పరుగెత్తింది. తండ్రి చేసినట్టే ఉప్పు, మిరియాలు, కాస్త ఎండుమిరప పొడి పట్టించింది. మెస్కీట్ తుమ్మ కట్టెలు రెండు చాలన్నాడు వెండెల్. మూత దించి కొక్కేలు వేశారు. పక్కల నుంచి ఒక్క పొగచార కూడా రాలేదు. పొగంతా బుద్ధిగా గొట్టంలోంచే, సన్నగా, నీలంగా పైకి పోయింది. రేకు డబ్బా అలా ఊపిరి పీలుస్తుంటే వెండెల్ తను చేసిన పెద్ద పొయ్యిలన్నీ మరిచిపోయి చూశాడు.

"మనం చేశాం," అంది నెలీడా. అతని భుజానికి తల ఆనించింది.

మధ్యాహ్నం దాటింది. ఎముక దగ్గర మాంసం ఇంకా వదలాలి. పక్కింటి కుక్క కంచె కింద నుంచి తల పెట్టి, ముక్కు ఎగరేస్తూ ఇరుక్కుపోయింది. నెలీడా దాన్ని వెనక్కి తోయబోయి బురదలో కూర్చుండిపోయింది. లేపబోయిన వెండెల్ కూడా జారాడు. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. ఆపుకోలేక, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. అలా నవ్వుతూనే, "ఉండు, అమ్మకి చెప్పొస్తాను" అని లోపలికి వెళ్లింది.

వెండెల్ బురదలో కూర్చుని విన్నాడు. లోపల నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె "అమ్మా" అని ఒక్కసారే పిలిచింది.

సాయంత్రానికి బంధువులు వచ్చారు. వచ్చినవాళ్లకి ఏదో ఒకటి పెట్టాలి. పిన్ని వరసైన ఒకావిడ మూత తీసి, పక్కటెముకలు కోసి, టోర్టియా రొట్టెలతో అందరికీ వడ్డించింది. చాలా బాగున్నాయని అందరూ అన్నారు. ఆ మాట విన్నప్పుడు నెలీడా ముఖం వెండెల్ చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేదనుకున్నాడు.

ఆమె అతన్ని గేటు దగ్గరికి తీసుకెళ్లింది.

"పొయ్యి ఎప్పుడో బాగైంది కదూ? అబద్ధం చెప్పకు."

"అవును."

"ఒక్క ముక్క. ఒక్క ముక్క తినేది. నువ్వు ఇటుకలు పేరుస్తూ కూర్చున్నావు. ఎందుకు? నాతో గడపడానికేనా?"

ఒరాలియాకిచ్చిన మాట ఇక తీరిపోయింది. చెప్పొచ్చు. కానీ ఇంకా ఆమె శరీరం ఇంట్లోనే ఉంది. ఇప్పుడు చెబితే తప్పు చచ్చిపోయిన మనిషి మీదికి నెట్టినట్టుంటుంది. పైగా నెలీడా అడిగినదాంట్లో అబద్ధం లేదు.

"అది కూడా," అన్నాడు.

"వెళ్లిపో."

*

సమాధి దగ్గర అతను అందరికన్నా వెనక నిలబడ్డాడు. ఆమె అటు చూడలేదు. తర్వాత రోజులు వెండెల్‌కి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. షెడ్డు తలుపు తీయలేదు. వండుకోలేదు. జేబులో చెయ్యి జేబులోనే ఉంది. ఇంతకుముందు తనకి పోయింది ఒక్క చెయ్యేనని, అదేం పెద్ద నష్టం కాదని ఇప్పుడు తెలిసింది.

వానలు పోయి ఎండలు ముదిరాక ఫోను వచ్చింది.

"నెలీడాని. ఆ డబ్బా తీసుకుపో. కిటికీలోంచి అది కనిపిస్తుంటే నాకు ఊపిరాడటం లేదు."

వెళ్లాడు. ఆమె వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. చిక్కిపోయింది. జుట్టు దువ్వుకోలేదు. అతను స్మోకర్ దగ్గరికి వెళ్లలేదు, ఆమెకి కాస్త దూరంలో నిలబడ్డాడు.

"నేను నవ్వుతున్నాను," అంది ఆమె, ఎవరూ అడగకుండానే. "మా అమ్మ పోతున్నప్పుడు నేను బురదలో కూర్చుని నవ్వుతున్నాను. ఆ రోజే కాదు. ఎప్పుడు సాయంత్రమవుతుందా అని చూసేదాన్ని. నువ్వు వస్తావని. అమ్మ లోపల అలా ఉంటే. నిన్ను కాదు వెండెల్, నన్ను నేను చూసుకోలేకపోతున్నాను."

అతను అప్పుడు చెప్పాడు. కొక్కేలు తెచ్చిన మధ్యాహ్నం, మంచం, ఇచ్చిన మాట, ఆఖరి రోజు 'ఇక చాలు' అన్నది. తనని వెనకేసుకు రాలేదు. పని సాగదీయడం తనకీ ఇష్టంగానే ఉండిందని కూడా చెప్పాడు.

నెలీడా తల అడ్డంగా ఊపింది.

"నువ్వు కల్పిస్తున్నావు."

"నాకు కల్పించడం రాదు. నీకు తెలుసు."

"అమ్మ మన మాటలు వినేదా?"

"పొగ లోపలికి వస్తుందని నువ్వు కిటికీ మూసి వెళ్లేదానివి. నువ్వు బస్సు తీసుకెళ్లగానే నాతో కాస్త ఓరగా తెరిపించేది, సాయంత్రం మన మాటలు వినడానికి. 'అది నన్ను తిట్టినట్టే నిన్నూ తిడుతోంది, ఇక నాకు బెంగ లేదు' అంది ఒకరోజు."

ఆమె ముఖం నలిగిపోయింది. సమాధి దగ్గర ఏడవని మనిషి, బంధువులు పట్టుకుని ఊపినా ఏడవని మనిషి, మోకాళ్లలో తల పెట్టుకుని బావురుమంది. వెండెల్ వెళ్లి పక్కన కూర్చున్నాడు. కుడిచెయ్యి తీసి ఆమె వీపు మీద వేశాడు. అది వణుకుతూనే ఉంది. తీయలేదు.

ఎండ కంచె దాటి పోయింది.

"నువ్వంటే నాకు ప్రేమ," అన్నాడు. "ఇప్పుడు చెప్పాల్సిన మాట కాదని తెలుసు."

"కాదు."

"సరే."

ఆమె ముక్కు తుడుచుకుంది. "ఇవాళ వెళ్లు. ఆదివారం రా. నేను బాగుండను. నీతో మాట్లాడకపోవచ్చు. ఊరికే ఏడుస్తుండొచ్చు. నవ్వమని మాత్రం అడక్కు."

"అడగను."

"అయినా వస్తావా?"

"వస్తాను."

ఆమె తల ఊపి, లేచి లోపలికి వెళ్లింది. స్మోకర్‌ని తీసుకుపొమ్మని మళ్లీ అనలేదు.